నజాకతు నగరంలో ఫాస్టు బౌలరు

హైదరాబాదు క్రికెట్టు గురించి చెప్పమంటే మనవాళ్ళు ముందుగా మణికట్టు గురించి చెబుతారు. జయసింహ కాలరు ఎత్తుకుని నడిచే తీరు, అజహరుద్దీన్ బంతిని లెగ్‌సైడుకు తిప్పే వైనం, ఆఫ్‌స్టంపు బయట పడిన బంతి లక్ష్మణ్ బ్యాటు తగిలి మిడ్‌వికెట్టు వైపు పోవడం. ఆ తరువాత స్పిన్నర్ల వరుస: గులాం అహ్మద్, శివలాల్ యాదవ్, అర్షద్ అయూబ్, వెంకటపతి రాజు, ప్రజ్ఞాన్ ఓఝా. మరి ఫాస్టు బౌలరు ఎవరయ్యా అని అడిగితే ఇటీవలి దాకా సమాధానం ఉండేది కాదు. ఇప్పుడు ఒక్క పేరు ఉంది, మహమ్మద్ సిరాజ్.

ఆ పేరు వినగానే మనం చెప్పుకునే కథ కూడా ఒక్కటే. తండ్రి మహమ్మద్ గౌస్ ఆటో నడిపేవాడు, కొడుకు కోట్లు సంపాదించాడు. కథ నిజమే, కాని అది అదృష్టకథ. అదృష్టకథలో ఒక సౌకర్యం ఉంది. అది విని ఆశ్చర్యపడితే సరిపోతుంది, అంతకుముందు ఏభై ఏళ్ళు ఏమి జరిగిందని ఎవరూ అడగరు. నాకు ఆ ఏభై ఏళ్ళ మీదే ఆసక్తి. పదేళ్ళకు పైగా మాదాపూరులో ఉద్యోగం చేస్తూ, ఈ ఐటీ దారుల్లో మైదానాలు ఎలా మాయమయ్యాయో చూసినవాణ్ణి గనుక, దాని తరువాతి ప్రశ్న మీద కూడా.

హైదరాబాదువాడికి నజాకతు అంటే ప్రాణం. సౌకుమార్యం అనుకోవచ్చు. పని జరగాలి, పడ్డ శ్రమ పైకి కనబడకూడదు. ఫాస్టు బౌలరు దీనికి సరిగ్గా వ్యతిరేకి. వాడి పనిలో కనబడేదంతా శ్రమే. పరిగెత్తాలి, చెమటోడ్చాలి, రొప్పాలి, మళ్ళీ వెనక్కి నడిచి మొదలుపెట్టాలి. నవాబుల ఊళ్ళో ఇది పెద్దమనిషి పని అనిపించుకోలేదు.

మాసబ్ ట్యాంకు దగ్గర ఏసీ గార్డ్స్ అని ఒక పేట ఉన్నది. కొత్తగా వచ్చిన సాఫ్టువేరు కుర్రవాళ్ళు కొందరు ఆ ఏసీని చల్లగాలి యంత్రం అనుకుంటారు. అసలు పేరు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, అంటే నిజాం కొలువులోని సిద్దీల గుర్రపు దళం. దాని పక్కనే ఫస్ట్ లాన్సర్. అదీ బల్లెం పట్టిన ఆశ్వికదళం పేరు మీద వెలసినదే. ఇక్కడివారికి వేగం ఎప్పుడూ జీతమిచ్చి కొలువులో పెట్టుకునే సరుకు. క్రికెట్టులోనూ అదే జరిగింది.

1962లో భారత జట్టు వెస్టిండీసుకు వెళ్ళి అయిదు టెస్టులూ ఓడింది. బార్బడోసులో చార్లీ గ్రిఫిత్ బంతి తగిలి కెప్టెన్ నారీ కాంట్రాక్టరు కపాలం చిట్లింది. ప్రాణం దక్కింది గాని ఆయన మళ్ళీ టెస్టు ఆడలేదు. మన బ్యాట్స్‌మెన్‌కు వేగం అలవాటు కావాలంటే వేగాన్ని ఇంటికే తెచ్చుకోవాలని బోర్డు నిర్ణయించింది. 1962-63 సీజనుకు నలుగురు వెస్టిండీసు ఫాస్టు బౌలర్లను రప్పించి తలొక జట్టుకూ ఒకరిని ఇచ్చింది. బొంబాయికి స్టేయర్స్, బెంగాలుకు లెస్టర్ కింగ్, ఢిల్లీకి చెస్టర్ వాట్సన్. హైదరాబాదు వంతుకు వచ్చినవాడు రాయ్ గిల్‌క్రిస్ట్.

గిల్‌క్రిస్ట్ మామూలు మనిషి కాడు. 1958-59లో వెస్టిండీసు జట్టుతో భారతదేశానికి వచ్చినప్పుడు, ఉత్తర మండలం మీద ఆటలో బీమర్లు వేశాడు. బీమరు అంటే నేలను తాకకుండా నేరుగా మనిషి మీదికి వచ్చే బంతి. కెప్టెన్ అలెగ్జాండర్ అతణ్ణి మధ్యలోనే ఇంటికి పంపించాడు. 13 టెస్టులలో 57 వికెట్లు తీసిన ఆ బౌలరు మళ్ళీ టెస్టు మైదానం చూడలేదు. ఏ దేశం నుండి అతణ్ణి గెంటివేశారో ఆ దేశమే నాలుగేళ్ళకు పిలిచి, డబ్బిచ్చి, హైదరాబాదు రంజీ జట్టులో ఆడించింది. ఈ ఊరు చూసిన మొదటి వృత్తి ఫాస్టు బౌలరు అని నేను గిల్‌క్రిస్టునే అంటాను. అద్దెకు తెచ్చిన వేగం. సీజను ముగిశాక అది వెళ్ళిపోయింది.

మన సొంత బౌలరు సంగతి చూద్దాము. 1941లో హైదరాబాదులో పుట్టిన సయ్యద్ అబీద్ అలీ మొదట వికెట్ కీపరు. 1956లో స్కూళ్ళ జట్టుకు ఆయనను తీసుకున్నది ఫీల్డింగు చూసి. తరువాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదు క్రికెట్టు జట్టును పెట్టినప్పుడు అందులో ఉద్యోగం దొరికింది. ఆనాటి మన క్రికెటర్లలో చాలామందికి జీవనాధారం ఆట కాదు, బ్యాంకు జీతం. 1967 డిసెంబరులో అడిలైడులో తొలి టెస్టు ఆడుతూ 55 పరుగులకు 6 వికెట్లు తీశాడు. అదే పర్యటనలో సిడ్నీలో 78, 81 పరుగులు చేశాడు.

అంతటి ఆరంభం తరువాత ఆయనకు అప్పగించిన పని ఏమిటి? కొత్త బంతితో నాలుగు ఓవర్లు వేసి, దాని మెరుపు పోగొట్టి, బేడీకీ ప్రసన్నకూ చంద్రశేఖరుకూ వెంకటరాఘవనుకూ అందించడం. కచ్చేరీకి ముందు జంపఖానా పరిచేవాడి పని. 29 టెస్టులలో ఆయనకు దక్కినవి 47 వికెట్లు. ఇది ఆయన లోపం అనుకోను. ఆయన మీడియం పేసరు. జట్టు ఆయన నుండి వికెట్లు ఆశించలేదు, బంతి అరగడం ఆశించింది.

మరొకరు దేవరాజ్ గోవిందరాజ్. 1971లో వెస్టిండీసులోనూ ఇంగ్లండులోనూ భారతదేశం మొట్టమొదటిసారి సిరీసులు గెలిచింది. ఆ రెండు పర్యటనల జట్లలోనూ ఈ హైదరాబాదు ఫాస్టు బౌలరు ఉన్నాడు. ఒక్క టెస్టు కూడా ఆడలేదు. ఆ ఏడాది వెస్టిండీసు వెళ్ళిన జట్టులో హైదరాబాదువారు అయిదుగురు: జయసింహ, అబీద్ అలీ, కృష్ణమూర్తి, జయంతిలాల్, గోవిందరాజ్. అందులో ఒక్క టెస్టయినా దక్కనివాడు ఫాస్టు బౌలరే. ఓవల్ మైదానంలో ఆగస్టు 24న గెలుపు పరుగులు కొట్టింది అబీద్ అలీ. హైదరాబాదు మీడియం పేసరు పేరు చరిత్రలో నిలిచింది బ్యాటుతో.

అబీద్ అలీ చివరి టెస్టు 1974 డిసెంబరులో. సిరాజ్ తొలి టెస్టు 2020 డిసెంబరులో. మధ్యలో 46 ఏళ్ళు. ఆ కాలంలో హైదరాబాదు 1986-87 రంజీ ట్రోఫీ గెలిచింది, దేశానికి ఒక కెప్టెన్‌ను ఇచ్చింది, స్పిన్నర్లను ఇస్తూనే పోయింది. ఫాస్టు బౌలర్లు రంజీ ఆడి, వికెట్లు తీసి, బ్యాంకుల్లోనూ ప్రభుత్వ సంస్థల్లోనూ ఉద్యోగాలు చేసుకుని రిటైరయ్యారు.

స్పిన్నరు శ్రమించడా అని మీరు అడగవచ్చు. శ్రమిస్తాడు. 1950-51లో హోల్కరు జట్టు మీద గులాం అహ్మద్ ఒకే ఇన్నింగ్సులో 92.3 ఓవర్లు వేశాడు. కాని స్పిన్నరు శ్రమను మనం కళ అన్నాము, ఫాస్టు బౌలరు శ్రమను కూలి అన్నాము. పిచ్చులు, కెప్టెన్లు, సెలెక్టర్లు అందరూ ఆ తేడానే పాటించారు. మండే ఎండలో, చచ్చిన పిచ్చు మీద, నాలుగు ఓవర్ల తరువాత బంతి లాగేసుకుంటారని తెలిసి, ఏ తండ్రి తన కొడుకును ఆ పనికి పంపుతాడు?

ఇక్కడే గౌస్ కథకు అసలు విలువ కనిపిస్తుంది. 1994 మార్చి 13న పుట్టిన సిరాజ్ ఫస్ట్ లాన్సర్‌లో పెరిగాడు. అకాడమీ లేదు, కోచ్ లేడు. ఇంటి దగ్గరి ఈద్‌గా మైదానంలో టెన్నిసు బంతి. టెన్నిసు బంతికి కుట్టు ఉండదు, మెరుపు ఉండదు. కాబట్టి స్వింగు, సీము అనే విద్యలేవీ అక్కడ పనికిరావు. పనికొచ్చేవి రెండే, వేగమూ యార్కరూ. మేనమామ కెప్టెన్‌గా ఉన్న ఒక క్లబ్బు ఆటలో 20 పరుగులకు 9 వికెట్లు తీస్తే మామ 500 రూపాయలిచ్చాడని, ఆటలో తన తొలి సంపాదన అదేనని సిరాజే చెప్పాడు. తోలు బంతి చేతికి వచ్చింది చాలా ఆలస్యంగా. 2015 నవంబరులో తొలి రంజీ ఆట. మరుసటి సీజనులో, భరత్ అరుణ్ హైదరాబాదు కోచ్‌గా ఉండగా, 41 వికెట్లు. 2017 ఫిబ్రవరి వేలంలో 20 లక్షల మూల ధర గల ఆ కుర్రవాణ్ణి సన్‌రైజర్స్ 2 కోట్ల 60 లక్షలకు కొన్నది.

అబీద్ అలీకి బ్యాంకు జీతమిచ్చింది, ఆట గౌరవాన్నిచ్చింది. సిరాజ్‌కు ఆటే జీతం. అందుకే అతణ్ణి ఈ ఊరి సొంత వృత్తి ఫాస్టు బౌలర్లలో మొదటివాడనవచ్చు. వృత్తి అన్నాక వృత్తిలోని నిర్దయ కూడా వస్తుంది. 2019 ఐపీఎల్‌లో కోల్‌కతా మీద రెండు బీమర్లు పడితే అంపైరు అతణ్ణి బౌలింగు నుండి తప్పించాడు. మీ నాన్నతో పోయి ఆటో నడుపుకో అని జనం రాశారు. 2020 నవంబరు 20న తండ్రి పోయాడు. సిరాజ్ ఆస్ట్రేలియాలో ఉన్నాడు. ఇంటికి వెళ్ళే వీలు కల్పిస్తామన్నా వెళ్ళలేదు. డిసెంబరు 26న మెల్‌బోర్నులో తొలి టెస్టు, జనవరిలో బ్రిస్బేనులో 73 పరుగులకు 5 వికెట్లు. ఊరికి తిరిగి వచ్చిన రోజున విమానాశ్రయం నుండి నేరుగా తండ్రి సమాధి దగ్గరికి వెళ్ళాడు.

తరువాతివి మీకు తెలిసినవే. 2023 సెప్టెంబరు 17న కొలంబోలో ఆసియా కప్ ఫైనల్, 21 పరుగులకు 6 వికెట్లు, శ్రీలంక 50 ఆలౌట్. 2024 జనవరి 3న కేప్‌టౌనులో 15 పరుగులకు 6 వికెట్లు. అదే నెలలో సొంత ఊళ్ళో, ఉప్పల్ మైదానంలో ఇంగ్లండు మీద టెస్టు. అక్కడ మాత్రం స్పిన్నర్లు వేశారు, బుమ్రా వేశాడు. సిరాజ్ చేతికి బంతి వచ్చిందే తక్కువ, రెండు ఇన్నింగ్సులలోనూ ఒక్క వికెట్టూ దక్కలేదు. 46 ఏళ్ళ మౌనం ఒక పూట తిరిగి వచ్చినట్లనిపించింది నాకు.

2025 మొదట్లో చాంపియన్స్ ట్రోఫీ జట్టులో అతనికి చోటు ఇవ్వలేదు. ఆ వేసవిలో ఇంగ్లండులో అయిదు టెస్టులూ ఆడాడు. ఓవల్‌లో హ్యారీ బ్రూక్ 19 పరుగుల మీద ఉండగా క్యాచు పట్టి, అడుగు వెనక్కి వేసి బౌండరీ తాడు తొక్కాడు. బ్రూక్ 111 చేశాడు. మర్నాడు, ఆగస్టు 4న, ఇంగ్లండుకు 35 పరుగులు కావాలి, నాలుగు వికెట్లున్నాయి. ఆ నాలుగింటిలో మూడు సిరాజ్ తీశాడు. చివరిది యార్కరు, ఆట్కిన్సన్ ఆఫ్‌స్టంపు లేచిపోయింది. 6 పరుగుల గెలుపు. 1971లో హైదరాబాదు బౌలరు బ్యాటుతో గెలిపించిన మైదానంలోనే ఈసారి హైదరాబాదు బౌలరు బంతితో గెలిపించాడు. అబీద్ అలీ అది చూడలేదు. అదే ఏడాది మార్చి 12న ఆయన అమెరికాలో కన్నుమూశాడు.

ఆ సిరీసులో సిరాజ్ తీసిన వికెట్లు 23. అందరికన్నా ఎక్కువ. నాకు అంతకన్నా ముఖ్యమనిపించే అంకె వేరే ఉంది: 185.3 ఓవర్లు, అనగా 1113 బంతులు. ఒక్కో బంతికి ఇరవై మీటర్ల పరుగు అనుకున్నా 22 కిలోమీటర్లు అవుతుంది. ఫస్ట్ లాన్సర్ నుండి హైటెక్ సిటీకి పోయి తిరిగి వచ్చినంత దూరం, అంతా పరుగే. ప్రతి బంతికీ చివర ముందు కాలు నేలను తాకినప్పుడు శరీరం బరువుకు ఎన్నో రెట్ల దెబ్బ మోకాలి మీదా నడుము మీదా పడుతుంది. అదృష్టం ఇన్నిసార్లు పరిగెత్తదు.

ఇక ఆ రెండవ ప్రశ్న. 1998లో సైబర్ టవర్స్ వెలసినప్పుడు దాని చుట్టూ రాళ్ళూ ఖాళీ నేలా ఉండేవి. నేను ఉద్యోగానికి వచ్చిన కొత్తలో కూడా కొండాపూరు పక్కన ఆదివారం పొద్దున్నే స్టంపులు పాతుకునే చోట్లు మిగిలి ఉండేవి. ఇవాళ అక్కడ ఆట లేదని కాదు, ఆట ఎక్కువే అయింది. గంటకు ఇంత అని అద్దె కట్టి, వల కట్టిన ఆవరణలో, దీపాల వెలుగులో బాక్సు క్రికెట్టు ఆడుకుంటున్నాము. రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చేవాళ్ళకు అది వరమే, నేనూ ఆడతాను. కాని ఆ పెట్టెలో రెండడుగులు వేసి బంతి విసరవలసిందే. ఇరవై మీటర్లు పరిగెత్తుకు వచ్చే చోటు ఉండదు. బ్యాట్స్‌మన్ అందులో తయారు కావచ్చు, మణికట్టు తిప్పే స్పిన్నరూ తయారు కావచ్చు. ఫాస్టు బౌలరు మాత్రం తయారు కాడు.

ఈ నగరం ఒకప్పుడు శ్రమను చిన్నచూపు చూసి ఫాస్టు బౌలర్లను పోగొట్టుకున్నది. ఇప్పుడు ఆ చిన్నచూపు తగ్గింది. 2024 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం సిరాజ్‌కు డీఎస్పీ ఉద్యోగం కూడా ఇచ్చి గౌరవించింది. గౌరవం వచ్చేసరికి నేల పోయింది. సిరాజ్‌కు అకాడమీ లేకపోయినా సరిపోయింది, ఈద్‌గా మైదానం లేకపోతే సరిపోయేది కాదు. ఫస్ట్ లాన్సర్‌లోనో, టోలిచౌకిలోనో, గచ్చిబౌలి వెనక సందుల్లోనో ఇవాళ టెన్నిసు బంతి పట్టుకున్న పిల్లవాడికి మన మెచ్చుకోలు కన్నా ముందు కావలసినది, పరుగు మొదలుపెట్టడానికి ఇరవై మీటర్ల ఖాళీ నేల.