కోళ్ల గూటి వాలుపలక

నేలకు ఎత్తులో కట్టిన గూట్లోకి కోళ్లు నడిచి ఎక్కేందుకు ఆనించే చెక్క. వానాకాలపు తడికి, పిల్లి, ముంగిసల బెడదకు గూడు ఎత్తులో ఉంటేనే మేలు. నాటుకోడికి ఈ పలక అంతగా అక్కర్లేదు. చెట్టుకొమ్మ మీదికే ఎగిరిపోతుంది. కానీ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా బరువైన కోడి. పైనుంచి దూకితే దాని కాళ్లు దెబ్బతినొచ్చు, అందుకే దానికి పలక కావాలి.

రెండడుగుల ఎత్తు గూటికి నాలుగడుగుల పలక వేస్తే వాలు 30 డిగ్రీలు వస్తుంది. అంతకంటే బాగా నిటారుగా ఉంటే కోళ్లు వెనకాడతాయి. నాలుగైదు అంగుళాలకొక వెదురుబద్ద అడ్డంగా కొట్టి, మేకుల మొనలు పైకి తేలకుండా వంచాలి. నున్నటి ప్లైవుడ్ తడిస్తే జారుడుబండే. చీకటి పడ్డాక పలక తీసేయాలి, లేకుంటే పిల్లికీ అదే దారి. అలవాటయ్యేదాకా సాయంత్రాలు పలక పొడవునా నూకలు చల్లితే, ఒక పెట్ట ఎక్కగానే మిగతావి వెంటపడతాయి.