ఇన్సులిన్‌ భద్రం.. ఎండకు దూరం!

వేడెక్కినా, గడ్డకట్టినా మందు నిర్వీర్యం
ఇంట్లో ఇంజెక్షన్లను నిల్వ చేసుకొనే విధానం

మోతాదు మారలేదు. ఆహార నియమం తప్పలేదు. రెండు పూటలా సూది వేసుకుంటూనే ఉన్నారు. అయినా రక్తంలో చక్కెర 300 దాటుతోంది. వేసవిలో కొందరు మధుమేహ రోగులకు ఎదురయ్యే చిక్కు ఇది. మందు చాలడం లేదని భావించి కొందరు సొంతంగా మోతాదు పెంచుకుంటారు. లోపం మోతాదులో కాక, మందు ఉంచిన చోట ఉండవచ్చు. అసలు ప్రమాదం ఆ తరువాతే పొంచి ఉంటుంది. పాత సీసా అయిపోయి కొత్తది తెరిచిన రోజున, పెంచిన మోతాదే వేసుకుంటే చక్కెర ఒక్కసారిగా పడిపోయి రోగి స్పృహ కోల్పోయే అవకాశం ఉంది.

ఇన్సులిన్‌ ఒక ప్రొటీన్‌. గుడ్డులోని తెల్లసొన వేడికి గట్టిపడిన తరువాత మళ్లీ యథాస్థితికి రాదు. ఇన్సులిన్‌ పరిస్థితీ అంతే. ఒకసారి నిర్మాణం దెబ్బతింటే తిరిగి చల్లార్చినంత మాత్రాన శక్తి రాదు. బరువు తగ్గేందుకు, మధుమేహానికి వారానికోసారి వాడే ఇంజెక్షన్లకూ ఈ జాగ్రత్త వర్తిస్తుంది. టిర్జెపటైడ్‌ 2025 మార్చిలో, బరువు తగ్గించేందుకు వాడే సెమాగ్లుటైడ్‌ ఇంజెక్షన్‌ ‘వెగోవీ’ అదే ఏడాది జూన్‌లో మన దేశ విపణిలోకి వచ్చాయి. ఖరీదైన ఈ మందులు నిల్వ లోపంతో చెడితే ఆరోగ్యంతోపాటు డబ్బూ నష్టమే.

ఎంత చల్లదనం అవసరం?

తెరవని సీసాలను, పెన్నులను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్‌ మధ్య ఉంచాలి. అలా ఉంచినప్పుడే పెట్టెపై ముద్రించిన గడువు తేదీ చెల్లుతుంది. వాడకం మొదలుపెట్టిన ఇన్సులిన్‌ను 30 డిగ్రీలకు మించని చోట గదిలోనే ఉంచుకోవచ్చు. చల్లటి మందు నేరుగా వేసుకుంటే నొప్పి ఎక్కువగా ఉంటుంది. అందువల్ల ఫ్రిజ్‌లోంచి తీసిన కొద్దిసేపటికి వేసుకోవడం మేలు. అయితే రామగుండం, రెంటచింతల వంటి చోట్ల మే నెలలో ఎండ 45 డిగ్రీలను తాకుతుంది. అప్పుడు రేకుల ఇంట్లోనే కాదు, డాబా ఇంట్లోనూ గది వేడి 30 డిగ్రీలు దాటుతుంది. ఆ రోజుల్లో వాడుతున్న సీసానూ ఫ్రిజ్‌లో ఉంచడమే శ్రేయస్కరం.

తెరిచాక ఎన్నాళ్లు?

* ఇన్సులిన్‌ రకాల్లో అధిక భాగానికి 28 రోజులు. డెగ్లుడెక్‌ వంటి కొన్నింటికి 8 వారాలు.
* లిరాగ్లుటైడ్‌ పెన్నుకు ఒక నెల.
* సెమాగ్లుటైడ్‌ పెన్నుకు రకాన్నిబట్టి 6 నుంచి 8 వారాలు.
* నాలుగు మోతాదుల టిర్జెపటైడ్‌ పెన్నుకు 30 రోజులు.
* డులాగ్లుటైడ్‌ పెన్ను ఒక్కసారికే పనికొస్తుంది. వాడకముందు ఫ్రిజ్‌ బయట 14 రోజులకు మించి ఉంచరాదు.

ఒకే మందుకు తయారీదారునిబట్టి గడువు మారవచ్చు. పెట్టెలోని కాగితంలో ఉన్నదే ప్రామాణికం. తెరిచిన తేదీని సీసాపై కలంతో రాసుకోవాలి. గడువు తీరాక మందు మిగిలి ఉన్నా పారవేయాల్సిందే.

ఫ్రిజ్‌లో ఏ అరలో?

వేడి కన్నా గడ్డకట్టడం మరింత హానికరం. ఒక్కసారి గడ్డకట్టిన మందు కరిగిన తరువాత చూడటానికి మామూలుగానే ఉన్నా వాడకూడదు. ఒంటి తలుపు ఫ్రిజ్‌లలో ఫ్రీజర్‌ కిందనే ఉండే పళ్లెం సురక్షితం కాదు. వెనుక గోడకు ఆనించి పెట్టడమూ తగదు. మాటిమాటికీ తెరవడం వల్ల తలుపు అరల్లో చల్లదనం నిలకడగా ఉండదు. మధ్య అరలో, మూత ఉన్న చిన్న ప్లాస్టిక్‌ డబ్బాలో, వెలుతురు సోకకుండా అసలు పెట్టెతో సహా ఉంచాలి. ఫ్రిజ్‌లో ఉంచే చిన్న థర్మామీటరు కొనుక్కుంటే అనుమానం తీరుతుంది. పిల్లల చేతికి అందకుండా చూడాలి.

విద్యుత్తు పోయినప్పుడు తలుపు తెరవకుండా ఉంటే సుమారు 4 గంటల వరకు ఫ్రిజ్‌లో చల్లదనం నిలుస్తుంది.

ఫ్రిజ్‌ లేకుంటే కుండే దిక్కు

పెద్ద మట్టికుండలో చిన్న కుండను ఉంచి, రెంటి మధ్య ఇసుక నింపి నీటితో తడపాలి. లోపలి కుండలో మూత బిగించిన డబ్బాలో మందు పెట్టి, పైన తడిగుడ్డ కప్పాలి. నీడలో, గాలి ఆడే చోట ఉంచి ఇసుక ఆరకుండా చూసుకోవాలి. నీరు ఆవిరయ్యే కొద్దీ లోపల చల్లబడుతుంది. గాలి పొడిగా ఉండే తెలంగాణ, రాయలసీమ ప్రాంతాల్లో ఇది బాగా పనిచేస్తుంది. ఉక్కపోత అధికంగా ఉండే కోస్తాలో ఫలితం తక్కువ. కుండ ఫ్రిజ్‌కు సమానం కాదు కనుక, నెలల తరబడి నిల్వ పెట్టక ఒక్కో సీసానే కొనుక్కోవడం మంచిది.

కాస్త వేడి తగిలిందని భయపడి సూది మానేయడం మాత్రం తగదు. కెన్యాలోని శరణార్థుల శిబిరం ఉష్ణోగ్రతలను ఆధారంగా చేసుకొని జరిపిన అధ్యయనం 2021లో వెలువడింది. 25 నుంచి 37 డిగ్రీల మధ్య నాలుగు వారాలు ఉంచినా ఇన్సులిన్‌ శక్తి ఒక శాతానికి మించి తగ్గలేదని అందులో తేలింది. ఎండలో నిలిపిన కారులో వేడి ఈ పరిమితిని సులువుగా దాటిపోతుంది. టైప్‌-1 రోగి ఇన్సులిన్‌ మానితే రక్తంలో ఆమ్లాలు పేరుకుని ప్రాణాపాయం ఏర్పడుతుంది. సందేహం ఉంటే వెంటనే కొత్త సీసా తెచ్చుకోవాలి.

ప్రయాణంలో..

ద్విచక్ర వాహనం డిక్కీలో, కారు అద్దం ముందు, బస్సు సామాను అరలో మందు పెట్టరాదు. వెడల్పు మూతి ఫ్లాస్కులో ఐసు ముక్కలను గుడ్డలో చుట్టి, మందుకు నేరుగా తగలకుండా అమర్చుకోవాలి. విమానంలో సామాను విభాగానికి అప్పగించక చేతిసంచిలోనే ఉంచుకోవాలి. దుకాణంలో కొనేటప్పుడు ఫ్రిజ్‌లోంచే తీసి ఇస్తున్నారో లేదో గమనించి, ఐసు ప్యాక్‌తో సహా అడిగి తీసుకోవాలి.

చెడిందని తెలిసేదెలా?

నీళ్లలా తేటగా ఉండాల్సిన ఇన్సులిన్‌ మసకబారినా, రంగు మారినా వాడకూడదు. 30/70 వంటి మిశ్రమ రకం సహజంగానే పాలవలె ఉంటుంది. దాన్ని అరచేతుల మధ్య మెల్లగా దొర్లించి, తలకిందులు చేసి కలపాలి. గట్టిగా కుదపరాదు. కలిపాక కూడా ఉండలు మిగిలినా, సీసా గోడలకు తెల్లటి పొర అంటినా పారవేయాలి. శక్తి తగ్గిన మందు ప్రతిసారీ రూపు మారదు. కారణం లేకుండా చక్కెర పెరిగితే మోతాదు పెంచే ముందు వైద్యుని సంప్రదించి, కొత్త సీసాతో సరిచూసుకోవాలి.

సూదుల విషయంలో..

* మన దేశంలో సీసాల్లో ఎక్కువగా మి.లీ.కు 40 యూనిట్లు, పెన్నుల్లో సాధారణంగా 100 యూనిట్లు ఉంటాయి. 40 రకానికి ఎర్ర మూత సిరంజి, 100 రకానికి నారింజ మూత సిరంజి వాడాలి. తారుమారైతే మోతాదు మారిపోతుంది.
* పెన్నుకు సూది తగిలించి నిల్వ ఉంచితే మందు కారుతుంది, గాలి చొరబడుతుంది. వాడిన ప్రతిసారీ సూదిని తీసివేయాలి.
* సూది మార్చినా సరే, ఒకరి పెన్ను మరొకరు వాడరాదు. రక్తం ద్వారా వ్యాధులు సోకే ప్రమాదం ఉంది.
* వాడిన సూదులను మందపాటి ప్లాస్టిక్‌ సీసాలో వేసి మూత బిగించాలి. చెత్తబుట్టలో విడిగా పడేస్తే పారిశుద్ధ్య కార్మికుల చేతులకు గుచ్చుకుంటాయి. నిండిన సీసాను ఎక్కడ అప్పగించాలో సమీప ఆస్పత్రిలో అడిగి తెలుసుకోవాలి.