పెర్ల్: డేటాబేస్ రికార్డుల నిర్వహణలో పునరుక్తి నివారణము

లారీ వాల్ 1987లో వెలువరించిన పెర్ల్ భాషయందు రికార్డులను చదువుటకు, చేర్చుటకు, సవరించుటకు వ్రాయు కోడులో ఒకే వాక్యసముదాయము పట్టికపట్టికకును మరల మరల దొరలుచుండుట చిరపరిచితమైన దోషము. టిమ్ బన్స్ 1994లో ఆరంభించిన డీబీఐ అను పెర్ల్ మాడ్యూలు ఒరాకిల్, మైఎస్‌క్యూఎల్ వంటి భిన్న డేటాబేసులకు ఏకరూపమైన ద్వారమును కల్పించెను గాని, ప్రిపేర్, ఎగ్జిక్యూట్, ఫెచ్ అను మెట్లను ప్రతి పట్టికకును వ్రాయు శ్రమ ప్రోగ్రామరుకు మిగిలియేయుండెను.

1960 నుండి రైలుపట్టాలు తయారగుచున్న భిలాయి ఉక్కు కర్మాగారము వంటి చోట, ఒక్కమారు కరగించిన ఉక్కుకిచ్చు హీట్ నంబరు, అందలి కర్బన శాతము, పట్టా పొడవు అను మూడంశముల రికార్డును ఉదాహరణముగా గ్రహింపవచ్చును. ఈ మూడింటిని ఒక హాషులో నిలిపి, దాని కీలను కామాలతో కలిపి కాలమ్ పేర్లుగాను, అన్నియే ప్రశ్నార్థక చిహ్నములను విలువల స్థానములుగాను ఎస్‌క్యూఎల్ వాక్యమున కూర్చినచో, రికార్డును చేర్చుటకు ఒక్క సబ్‌రొటీనే ఏ పట్టికకైనను చాలును. హాషు నడుమ మార్పుచెందనంతవఱకు కీస్, వాల్యూస్ ఒకే వరుసలో వచ్చునను హామీ భాషలోనే కలదు. అయితే ప్రశ్నార్థకములు విలువలను మాత్రమే రక్షించును. కాలమ్ పేర్లను ఆమోదిత జాబితాతో సరిచూడక వాక్యమున చేర్చుట క్షమింపరాని అజాగ్రత్త.

మాట్ ట్రౌట్ 2005లో ఆరంభించిన డీబీఐఎక్స్::క్లాస్ అను మాడ్యూలు పట్టికను క్లాసుగాను వరుసను ఆబ్జెక్టుగాను భావించి ఎస్‌క్యూఎల్‌ను చాలవఱకు తానే నిర్మించును. రెండుమూడు పట్టికల చిన్న స్క్రిప్టునకు మాత్రము అది భారమే; పై సబ్‌రొటీనే అందు మేలు.