పోలీసు విద్య: బర్కిలీ ప్రయోగం

పోలీసు పనిని విశ్వవిద్యాలయంలో చదువుగా నేర్పాలన్న తొలి ప్రయత్నాల్లో ముఖ్యమైనది అమెరికాలోని బర్కిలీ పట్టణంలో జరిగింది. 1908లో ఠాణాలో మొదలైన పాఠాలు 1916లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చేరాయి. 1950లో అక్కడ ప్రత్యేక నేరశాస్త్ర విభాగం వెలిసింది. 1976లో అది మూతపడింది.

ఈ చదువుకు ఆద్యుడు ఆగస్ట్ వోల్మర్ (1876–1955). ఆయనకు కాలేజీ చదువు లేదు. ఫిలిప్పీన్స్‌లో సైనికుడిగా పోరాడి వచ్చి, బర్కిలీలో ఇంటింటికీ ఉత్తరాలు పంచేవాడు. 1905 ఎన్నికల్లో గెలిచి పట్టణ మార్షల్ అయ్యాడు, 1909లో పోలీసు చీఫ్ పదవి చేపట్టాడు. అప్పట్లో అమెరికా నగరాల్లో పోలీసు కొలువు చాలాచోట్ల రాజకీయ నాయకుల సిఫారసుతో దొరికేది. బ్యాడ్జీ, లాఠీ ఇచ్చి వీధిలోకి పంపేవారు. మిగతాదంతా వీధే నేర్పాలి. నిందితుణ్ణి కొట్టి ఒప్పించడం దర్యాప్తుగా చెలామణి అయ్యేది. వోల్మర్ తన ఠాణాలో దాన్ని నిషేధించాడు. కొట్టకుండా నేరం తేల్చాలంటే సాక్ష్యం సేకరించడం రావాలి, అది రావాలంటే చదవాలి. బర్కిలీ కథకంతటికీ మూలం ఇదే.

ఆయన పోలీసులను ముందు సైకిళ్ల మీద గస్తీ తిప్పాడు. కూడళ్లలో ఎర్ర దీపాలు వేలాడదీయించాడు. ఠాణాలో స్విచ్ నొక్కితే ఆ దీపం మిణుకుమిణుకుమనేది. బీటు కానిస్టేబుల్ అది చూసి దగ్గర్లోని టెలిఫోన్ పెట్టె దగ్గరికి పరుగెత్తి, కబురేమిటో కనుక్కునేవాడు. ఇలాంటి పనిముట్లతో పాటే ఠాణాలో పాఠాలూ మొదలయ్యాయి. 1916లో న్యాయశాస్త్ర ఆచార్యుడు అలెగ్జాండర్ మార్స్‌డెన్ కిడ్‌తో కలిసి విశ్వవిద్యాలయంలో వేసవి కోర్సులు పెట్టాడు.

విద్యార్థులనే పోలీసులుగా తీసుకోవడం వోల్మర్ చేసిన సాహసం. వాళ్లకు ‘కాలేజీ పోలీసులు’ అని పేరు పడింది. శరీరధర్మశాస్త్రంలో డాక్టరేట్ ఉన్న జాన్ లార్సన్ ఈ ఠాణాలో ఉద్యోగం చేస్తూనే 1921లో లై డిటెక్టర్ యంత్రం తయారుచేశాడు. ఆ యంత్రం నమ్మదగినదేనా అన్న వాదన నేటికీ తెగలేదు. 1919లో చేరిన వాల్టర్ గోర్డన్ బర్కిలీ తొలి నల్లజాతి పోలీసు. ఒకపక్క డ్యూటీ చేస్తూ, మరోపక్క లా చదివి 1922లో పట్టా అందుకున్నాడు; 1955లో వర్జిన్ దీవులకు గవర్నరయ్యాడు. ఇక ఒ.డబ్ల్యూ. విల్సన్ ఇక్కడే చదువుకుని, విచిటా నగర పోలీసు చీఫ్‌గా చేసి, తిరిగొచ్చి ఆచార్యుడై, 1950లో నేరశాస్త్ర విభాగానికి డీన్ అయ్యాడు. షికాగోలో పోలీసులే దొంగలతో చేతులు కలిపారని బయటపడినప్పుడు, 1960లో ఆ శాఖను చక్కదిద్దే పని ఆయనకే అప్పగించారు.

శాన్ హోసే కళాశాల 1930లో, మిషిగన్ స్టేట్ 1935లో ఇదే బాట పట్టాయి. పోలీసులకు డిగ్రీ ఉండాలని అధ్యక్షుడు నియమించిన సంఘం 1967లో సూచించింది. మరుసటి ఏడాది చట్టంతో కేంద్ర నిధులు వచ్చిపడ్డాయి, ఊరూరా కోర్సులు పుట్టుకొచ్చాయి. పరిమాణం పెరిగినంతగా నాణ్యత పెరగలేదు. ఎన్నోచోట్ల రిటైరైన అధికారులు తమ అనుభవాలు చెప్పడమే పాఠమైందన్న విమర్శ వచ్చింది. అది న్యాయమైన విమర్శే.

బర్కిలీ విభాగం అంతమైన తీరు బాధ కలిగిస్తుంది. వియత్నాం యుద్ధకాలంలో అక్కడి కొందరు అధ్యాపకులు పోలీసుల దౌర్జన్యాన్ని, జాతివివక్షను పరిశోధనాంశాలుగా తీసుకున్నారు. చివరికి విభాగాన్ని మూసేయాలన్న నిర్ణయాన్ని విద్యార్థులు ఎంత నిరసించినా అది నిలబడలేదు. పోలీసును ప్రశ్నించే చదువు లేకుండా పోలీసు చదువు పూర్తి కాదు. మూసివేతతో పోయింది ఆ సగమే.

నేడు అమెరికాలో పోలీసు విద్యలో డిగ్రీ చదివినవారు పోలీసు శాఖలతో పాటు ఫోరెన్సిక్ ల్యాబులు, జైళ్లు, ప్రొబేషన్ కార్యాలయాలు, నేర సమాచార విశ్లేషణ, ప్రైవేటు భద్రత, అధ్యాపక వృత్తుల్లో కనిపిస్తారు. భారతదేశం మరో దారి పట్టింది. సాగర్ విశ్వవిద్యాలయం 1959లోనే నేరశాస్త్ర విభాగం తెరిచినా, ఐపీఎస్‌కు గానీ తెలుగు రాష్ట్రాల్లో ఎస్సై పోస్టుకు గానీ ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. తెలుగు పట్టభద్రులు చాలామంది సాక్ష్య చట్టాన్ని ఎంపికయ్యాకే, శిక్షణ అకాడమీలో మొదటిసారి తెరుస్తారు. ఐపీఎస్ అధికారులకు ఆ పాఠాలు 1975 నుంచి హైదరాబాద్‌లోని జాతీయ పోలీసు అకాడమీలో జరుగుతున్నాయి.