ముప్పై నిమిషాలకు ఒక్క సెకను ముందు

2010 ప్రాంతంలో తయారైన కాంపాక్ట్ డిజిటల్ కెమెరాల్లో చాలావాటికి వీడియో తీయగలిగే నిడివి 29 నిమిషాల 59 సెకన్లు. అప్పటికి కార్డులో ఇంకా చోటుంటుంది, బ్యాటరీలో ఛార్జి ఉంటుంది, కెమెరా వేడెక్కి కూడా ఉండదు. అయినా రికార్డింగు ఆగిపోతుంది. మళ్లీ బటన్ నొక్కితే ఇంకో 29 నిమిషాల 59 సెకన్లు నిరభ్యంతరంగా తీస్తుంది. ఆ ఒక్క సెకను లోటుకు కారణం కస్టమ్స్ సుంకాల పట్టికలో ఉంది. ఒక యంత్రం ఎంతసేపు పనిచేయాలో సుంకాల లెక్క తేల్చిన ఉదాహరణలు అరుదు. వాటిలో ఇంత కచ్చితమైనది ఇంకా అరుదు.

స్టిల్ కెమెరాకు వీడియో కొత్తగా అబ్బిన రోజుల్లో హద్దుకు నిజమైన కారణాలే ఉండేవి. 1995లో రికో కంపెనీ తెచ్చిన ఆర్‌డీసీ-1, శబ్దంతో సహా కదిలే బొమ్మ తీసిన తొలి డిజిటల్ స్టిల్ కెమెరాగా పేరు పొందింది. అది ఒక్కో దృశ్యాన్ని 5 సెకన్లు తీసేది. 24 ఎంబీ కార్డులో అలాంటివి నాలుగు పట్టేవి. మూడేళ్ల తరవాత సోనీ మావికా కెమెరాలు మామూలు ఫ్లాపీ డిస్కు మీదనే వీడియో రాశాయి. 160×112 చుక్కల బొమ్మ చాలనుకుంటే 60 సెకన్లు, 320×240 కావాలంటే 15 సెకన్లు. 1.44 ఎంబీ ఫ్లాపీలో అంతకుమించి ఆశించడానికి లేదు.

ఆ ఏళ్లలో చీరాల, వేటపాలెం వైపు పెళ్లి వీడియో అంటే భుజాన మోసే వీహెచ్‌ఎస్ కెమెరా, దాని పక్కనే లైటు పట్టుకుని నిలబడే కుర్రాడు. ఈ-180 క్యాసెట్టు మూడు గంటలు తిరిగేది. జీలకర్ర బెల్లం నుంచి తలంబ్రాల దాకా టేపు మార్చే అవసరం రాకుండా గడిచిపోయేది. తరవాత వచ్చిన మినీ డీవీ క్యాసెట్టు గంటకు పరిమితమైంది. ఆ తరవాత జేబులో పట్టే కెమెరా చేతికొచ్చేసరికి బొమ్మ నిగ్గుతేలింది కానీ నిడివి అరగంటకు పడిపోయింది. ఇరవై ఏళ్లలో అన్నీ పెరిగి ఇదొక్కటే తగ్గింది.

నిడివికి లొంగి ఉండటం అంతకుముందూ ఉన్నదే. పది అంగుళాల 78 ఆర్‌పీఎం గ్రామఫోను రికార్డు ఒక వైపు సుమారు మూడు నిమిషాలు తిరిగేది. జనం ఊగిపోతుంటే స్టేజీ మీద నటుడు ఎంతసేపైనా సాగదీసే రాగం ఆ మూడు నిమిషాల్లో ఒదగాల్సి వచ్చింది. నాటక పద్యాలను రికార్డుల మీదే విని నేర్చుకున్నవారికి అసలు కొలత తెలిసే దారి లేకపోయింది. సినిమాకు వస్తే 35 ఎంఎం ఫిల్ము వెయ్యి అడుగుల రీలు 11 నిమిషాలు. ఈ హద్దులన్నీ పదార్థానివి. మైనం, లక్క, సెల్యులాయిడు ఎంత మోయగలిగితే అంత.

డిజిటల్ కెమెరాలో ఆఖరి నిజమైన హద్దు 4 జీబీ. మెమరీ కార్డుల్లో వాడిన ఫ్యాట్32 పద్ధతిలో ఒక్క ఫైలు 4 జీబీని దాటలేదు. 2008లో వచ్చిన కెనాన్ 5డీ మార్క్ 2, ఫుల్ హెచ్‌డీలో సుమారు 12 నిమిషాలకే ఆగడానికి కారణం ఇదే. అదే ఏడాది వచ్చిన నైకాన్ డీ90 అయితే హెచ్‌డీలో 5 నిమిషాలతో సరిపెట్టింది. 2009లో ప్రకటించిన ఎస్‌డీఎక్స్‌సీ కార్డులు ఎక్స్‌ఫ్యాట్ పద్ధతికి మారడంతో ఆ గోడ కూలింది. ఒక ఫైలు నిండగానే ఇంకో ఫైలులోకి జారే ఏర్పాటూ వచ్చింది. అప్పుడు మిగిలింది సుంకం గోడ.

దాని పునాది 1996 డిసెంబరులో సింగపూర్‌లో పడింది. ప్రపంచ వాణిజ్య సంస్థ సమావేశంలో కుదిరిన ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ ఒప్పందం కంప్యూటర్ల వంటి సరుకుల మీద దిగుమతి సుంకాన్ని ఎత్తేసింది. డిజిటల్ స్టిల్ కెమెరా కూడా ఆ జాబితాలో చేరింది. వీడియో కెమెరా చేరలేదు. కాగితం మీద ఇది స్పష్టమైన విభజనే. స్టిల్ కెమెరాలు వీడియో తీయడం మొదలుపెట్టాక అది చిక్కుముడి అయింది. సుంకం లేని పెట్టెలోంచి సుంకం ఉన్న వస్తువు బయటికొస్తోందని యూరోపియన్ యూనియన్ అధికారులకు అనిపించింది. 2000ల దశకంలో వాళ్లు ఒక కొలత పెట్టారు: 800×600 చుక్కలు లేదా అంతకు మించిన నాణ్యతతో, సెకనుకు 23 ఫ్రేములు లేదా అంతకు మించి, ఒకే వరసలో కనీసం 30 నిమిషాలు తీయగలిగితే అది వీడియో కెమెరా. స్టిల్ కెమెరాకు సుంకం సున్నా. వీడియో కెమెరాకు 4.9 శాతం, కొన్ని రకాలకు 14 శాతం దాకా.

మూడు షరతుల్లో రెండు అప్పటికే చేజారాయి. ఏ కంపెనీ కూడా 800×600 కంటే తక్కువ బొమ్మతో అమ్ముకోగల స్థితి లేదు, సెకనుకు 23 ఫ్రేములకు దిగువన వీడియో కుంటుతుంది. కోతకు లొంగేది సమయమొక్కటే. అందుకే చాలా కంపెనీలు ఒక్క సెకను తగ్గించి గీతకు ఇవతల నిలబడ్డాయి. పానసోనిక్ వంటివి యూరప్ మోడళ్లకే కోత పెట్టి, మిగతా చోట్ల అదే కెమెరాను హద్దు లేకుండా అమ్మాయి. ఒక్కో దేశానికి ఒక్కో సాఫ్ట్‌వేర్ ఎందుకనుకున్న కంపెనీలు ప్రపంచమంతటికీ ఒకే కోత పెట్టాయి.

పన్ను గీతను చూసి మనుషులు చోటు మార్చుకోవడం చీరాల చరిత్రలోనే ఉంది. 1919లో చీరాల, పేరాల గ్రామాలను కలిపి మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచినప్పుడు, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనం 1921లో ఊరొదిలి, మునిసిపల్ హద్దుకు అవతల రామనగరం కట్టుకుని పదకొండు నెలలు పాకల్లో గడిపారు. వాళ్లు గీత దాటింది ధిక్కరించడానికి, అదీ అందరి కళ్లెదుట. కెమెరా కంపెనీలు మాత్రం సద్దుచేయకుండా సర్దుకున్నాయి. తాము కొన్న వస్తువులో ఏం కోసేశారో కొన్నవాళ్లలో చాలామందికి తెలియనే లేదు. అభ్యంతరం చెప్పదగినది ఇక్కడే.

యూరప్ కొలత భారతదేశానికీ వచ్చింది. ఐటీ ఒప్పందంలో 1997లో చేరిన భారత్, 2005 మార్చి 1 నాటి నోటిఫికేషన్‌తో డిజిటల్ స్టిల్ కెమెరాలకు సుంకం మినహాయించింది. 2012 మార్చి 17న దానికి వివరణ జోడించింది. అవే 800×600 చుక్కలు, అవే 23 ఫ్రేములు, అదే 30 నిమిషాలు. పెంచుకోగలిగిన మెమరీని కూడా లెక్కలోకి తీసుకోవాలన్న మాట మాత్రం ప్రత్యేకంగా చేర్చారు. సరిగ్గా మూడు రోజులకు, మార్చి 20న, ఢిల్లీ ఎయిర్ కార్గోలో కెనాన్ కెమెరాల దిగుమతి పత్రాలు దాఖలయ్యాయి. 24న సుంకం లేకుండా సరుకు విడుదలైంది. 2014 ఆగస్టు 19న, ఆ మినహాయింపు చెల్లదంటూ రెవెన్యూ ఇంటెలిజెన్స్ డైరెక్టరేట్ నోటీసు ఇచ్చింది. నైకాన్, సోనీ, క్యాసియో సంస్థలవీ ఇలాంటి వివాదాలే.

కేసు సుప్రీంకోర్టుకు చేరాక కెమెరా సంగతి పక్కకు పోయింది. 2021 మార్చి 9న ప్రధాన న్యాయమూర్తి ఎస్.ఎ. బోబ్డే ధర్మాసనం, మొదట సరుకు విడుదల చేసిన అధికారి తప్ప ఇంకో విభాగం అధికారి అలాంటి నోటీసు ఇవ్వడం చెల్లదని తీర్పిచ్చింది. కెమెరాలతో సంబంధమే లేని దిగుమతుల మీద ఆ డైరెక్టరేట్ ఇచ్చిన ఎన్నో నోటీసులు ఒక్కసారిగా ప్రశ్నార్థకమయ్యాయి. 2022లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. 2024 నవంబరు 7న ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ నాయకత్వంలోని ధర్మాసనం పాత తీర్పును సమీక్షించి, డైరెక్టరేట్ అధికారులకు ఆ అధికారం ఉందని చెప్పింది. ముప్పై నిమిషాల కొలతలో మొదలైన వ్యాజ్యం దేశంలో కస్టమ్స్ అధికారాల హద్దులనే తేల్చే కేసుగా మారింది.

ఈ కోత వల్ల నష్టపోయింది ఎక్కువగా చిన్న ఊళ్లే. పెద్ద స్టూడియోలకు వీడియో కెమెరాలు వేరే ఉండేవి. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో రాత్రంతా నడిచే పద్యనాటకానికి చాలాసార్లు ఎవరి చేతిలోనో ఉన్న చిన్న కెమెరాయే దిక్కు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల్లో రాయబారం సీను ఎంతసేపు నడుస్తుందో గడియారం చెప్పదు. ఒక పద్యానికి వన్స్‌మోర్ పడితే నటుడు మళ్లీ ఎత్తుకుంటాడు, హార్మోనియం అతని వెంట నడుస్తుంది. సరిగ్గా ఆ రాగం మధ్యలో రికార్డింగు తెగితే, మళ్లీ బటన్ నొక్కేలోపు పోయినది తిరిగి రాదు. వయసు మళ్లిన కళాకారుల చివరి ప్రదర్శనలకు ఇలాంటి తెగిన ముక్కలే మిగలడం అన్యాయం. ఫిల్ము అయిపోవడం వల్ల తెగితే ఓర్చుకోవచ్చు. ఎక్కడో యూరప్ రేవులో మిగిలే ఐదు శాతం కోసం తెగడం ఓర్చుకోదగినది కాదు.

గీత తరవాత మెల్లగా చెరిగింది. 2015 డిసెంబరులో నైరోబీలో ఐటీ ఒప్పందాన్ని విస్తరించి 201 రకాల సరుకులకు సుంకాలు తీసేయాలని నిర్ణయించారు. వీడియో కెమెరాలూ అందులో ఉన్నాయి. ఆ విస్తరణలో భారత్ చేరలేదు. 2017లో పానసోనిక్ జీహెచ్5, 2020లో సోనీ ఏ7ఎస్ 3 హద్దు లేకుండా వచ్చాయి. సుంకాల పట్టికలో టెలిఫోనుగా నమోదైన మొబైల్ ఫోనుకు ఈ కొలత మొదటినుంచీ వర్తించలేదు. కాంపాక్ట్ కెమెరాల అమ్మకాలను తినేసిందీ ఆ ఫోనే.

ఆనాటి కాంపాక్ట్‌లు సెకండ్ హ్యాండ్‌లో ఇప్పటికీ చేతులు మారుతున్నాయి. వాటిలో చాలావాటికి కోత తీసేసే అప్‌డేట్ రాలేదు. నాటకమో కచేరీయో తీసేటప్పుడు రెండు కెమెరాలను పావుగంట ఎడంగా మొదలుపెడితే ఏ ఘట్టమూ జారిపోదు. ఒక్కటే ఉంటే పాతిక నిమిషాలు దాటాక, పద్యం ముగిసి చప్పట్లు పడే సమయం చూసి ఆపి, వెంటనే మళ్లీ మొదలుపెట్టుకోవాలి.