పేరు కాదు, నంబరు

మా తాతకు తాత రంపలో తిరగబడి కాలాపానీకి, అంటే అండమాన్‌కు, పోయాడనీ, మళ్ళీ రాలేదనీ ఇంట్లో చెప్పుకునేవారు. వెతకడానికి నాకు ఆ ఆధారం చాలు.

1879 మార్చిలో రంప ఉన్న గోదావరి మన్యంలో తిరుగుబాటు లేచింది. సొంత వాడకానికి గీసుకునే కల్లు మీద కూడా అక్కడి జమీందారైన మన్సబుదారు గుంజిన చిగురుపన్ను, పోలీసుల జులుం, మైదానపు షావుకార్ల దావాలు కొండ ఊళ్ళ పెత్తందార్లైన ముఠాదారుల్ని కదిలించాయి. పట్టుబడినవారిలో చాలామందిని అండమాన్ పంపారు. కాబట్టి ముందు చూడాల్సింది చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లోని మద్రాసు జుడిషియల్ శాఖ ప్రొసీడింగ్స్. ఆ తర్వాత ఢిల్లీ జాతీయ ఆర్కైవ్స్‌లోని హోం శాఖ పోర్ట్ బ్లెయిర్ కాగితాలు.

పేరును నమ్ముకుంటే దారి తప్పుతాం. గుమాస్తాలు చెవికి తోచినట్టు రాశారు. ఒక జాబితాలో ఉన్న ఇంటిపేరు ఇంకోదాంట్లో కనిపించకపోవచ్చు. పట్టుకోవలసింది ఖైదీ నంబరు. అండమాన్‌లో ఖైదీ మెడలో చెక్కబిళ్ళ వేలాడేది. నంబరు, సెక్షను, శిక్ష పడిన తేదీ దాని మీదే ఉండేవి.

సుమారు పదేళ్ళు చాకిరీ చేసి, నడవడి బాగుంటే విడిగా బతకనిచ్చే టికెట్టు (టికెట్ ఆఫ్ లీవ్) దొరికేది. అప్పుడు సొంతంగా సాగు చేసుకోవచ్చు, అనుమతితో పెళ్ళాడవచ్చు. అలా స్థిరపడ్డ ఖైదీల సంతతి పోర్ట్ బ్లెయిర్ చుట్టుపక్కల ఈనాటికీ ఉంది. అందుకే తిరిగి రానివాళ్ళంతా జైల్లోనే పోయారనుకోనక్కర్లేదు. మరణాల పట్టికతో ఆగకుండా టికెట్టు, పెళ్ళి అనుమతుల కాగితాలు కూడా తిరగేయాలి. మా వంశానికి అక్కడో కొమ్మ ఉంటే, దాని జాడ తెలిసేది వాటిలోనే.