నెమలికంఠం రంగుకు అంకె ఎంత?



మన బరంపురాన్ని పట్టు నగరం అంటారు. 1936 ఏప్రిల్ 1న గంజాంలో అధిక భాగం మద్రాసు నుంచి ఒడిశాలోకి వెళ్లింది. అయినా ఇక్కడి దేవాంగుల ఇళ్లలో తెలుగు నిలిచింది, దానితోపాటు రంగుల పేర్లూ నిలిచాయి: వంకాయ రంగు, చిలకపచ్చ, నెమలికంఠం.

ఇప్పుడు ఫోను రంగును అంకెల్లో చెబుతోంది. దీని వెనుక పాత కథ ఉంది. 1861లో లండన్‌లో మాక్స్‌వెల్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతలతో తీసిన మూడు ఫోటోలను తెరపై కలిపి ఒక రంగుల రిబ్బను చూపించాడు. ఆ పరీక్ష కూడా బట్ట మీదే! 1957లో అమెరికాలో రసెల్ కిర్ష్ ఒక ఫోటోను 176 అడ్డ వరుసలు, 176 నిలువు వరుసల గళ్లుగా కంప్యూటర్‌కు ఎక్కించాడు. ఆ గడే పిక్సెల్.

ఆండ్రాయిడ్ యాప్‌లో గెట్‌పిక్సెల్ అనే ఆదేశానికి గడి స్థానం చెబితే, దాని రంగు ఒకే సంఖ్యగా వస్తుంది. విడదీస్తే ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు దొరుకుతాయి. మామూలుగా ఒక్కోటి 0 నుంచి 255 దాకా ఉంటుంది.

కానీ నెమలికంఠంలో పడుగు ఒక రంగు, పేక మరో రంగు. చీర మడత మారితే అంకె మారుతుంది. దీపం వెలుగులో ఇంకోలా వస్తుంది. అందుకే అమ్మమ్మల పట్టుచీరలను పగటి వెలుగులో, పక్కన తెల్లకాగితం పెట్టి ఫోటో తీద్దాం. చాలా గళ్ల సగటు తీసుకుందాం. అంకె పక్కనే రంగు పేరు తెలుగులో రాద్దాం. ఆ పేర్లు ఇంకా మన పెద్దవాళ్ల నోట ఉన్నాయి. వాళ్లుండగానే అడిగి రాసుకుందాం.